ఆయన తీసుకోని నోటు

ప్రశ్న: మూడు నెలల క్రితం సంగతి. ఆ రోజు ఆఫీసులో బాగా ఆలస్యమైంది. చివరి బస్సు వెళ్లిపోతుందేమోనన్న కంగారులో బస్టాప్ వైపు దాదాపు పరుగెడుతున్నాను. వెనక నుంచి ఎవరో "అమ్మా... అమ్మా..." అని పిలుస్తున్నారు. తిరిగి చూస్తే అరవై దాటిన మనిషి, మాసిన చొక్కా. భయమేసింది. బ్యాగు గట్టిగా పట్టుకుని, ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ ఇంకా వేగంగా నడిచాను. బస్టాప్ లైటు వెలుతుర్లోకి వచ్చి, బెంచీ మీద కూర్చున్నాక గానీ నాకు ధైర్యం రాలేదు. ఆయన రొప్పుతూ వచ్చి చెయ్యి చాపాడు. ఆ చేతిలో నా పర్సు. బ్యాగు జిప్పు ఊడిపోయి దారిలో పడిపోయిందట.

లాక్కున్నట్టే తీసుకున్నాను. ఆయన ముందే తెరిచి డబ్బు లెక్కపెట్టాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆయన కదలకుండా నిలబడ్డాడు. "సరిపోయిందామ్మా?" అని అడిగాడు. తలూపాను. ఒక నోటు ఇవ్వబోతే వద్దన్నాడు. జేబులో పెట్టాను. తీసి బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఇంతలో బస్సు వచ్చింది, ఎక్కేశాను.

ఆ "సరిపోయిందామ్మా" అన్న మాట నన్ను వదలడం లేదు. నన్ను ఎంత మర్యాదగా చెంపదెబ్బ కొట్టాడో అనిపిస్తుంది. మా వారు "రాత్రిపూట ఒంటరి ఆడమనిషి జాగ్రత్తగా ఉండటంలో తప్పేముంది, దీనికింత టెన్షన్ దేనికి" అంటారు. కానీ ఆయనకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు. ఇంటికి వెళ్లాక "పర్సు తెచ్చిచ్చాడు, నేనూ కొంత డబ్బిచ్చాను, చాలా సంతోషపడ్డాడు" అని చెప్పాను. మా తొమ్మిదేళ్ల పాప అది విని మొన్న స్కూల్లో వ్యాసం రాసింది. "మా అమ్మ మంచి మనసు" అని దానికి పేరు పెట్టింది. టీచర్ అందరి ముందూ చదివించారట. ఆ కాగితం చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. లెక్కపెట్టడం తప్పేనా? ఆయన్ని వెతికి క్షమాపణ చెప్పాలా? ఫేస్‌బుక్‌లో పెడితే దొరుకుతాడా? పాపకి నిజం చెప్పాలా? ఆ నోటు ఇంకా పర్సులో వేరే అరలోనే ఉంది. ఖర్చు పెట్టబుద్ధి కావడం లేదు. (పేరు రాయవద్దు)

సమాధానం: మీ ఉత్తరం చాలా పెద్దది. ఇక్కడ కుదించి ఇచ్చాను. అసలు ఉత్తరంలో డబ్బు లెక్కపెట్టడం గురించి మీరు ఒక పేజీకి పైగా రాశారు. ఎన్ని నోట్లు, వేళ్లు ఎలా వణికాయి, ఆయన ఎటు చూస్తున్నాడు, అన్నీ. నోటు జేబులో పెట్టడం గురించి మాత్రం రెండు వాక్యాలే ఉన్నాయి. రెండోసారి చదివినప్పుడు నాకు కనిపించింది ఇదే. మీరు బాధపడుతున్నది నిజమే, కానీ బాధపడాల్సిన చోట కాకుండా దాని పక్కన కూర్చుని బాధపడుతున్నారు.

ముందు లెక్క సంగతి చూద్దాం.

మా నాన్న దర్జీ. ఆల్టరేషన్‌కి వచ్చే ప్యాంట్ల జేబుల్లో జనం ఏవేవో మర్చిపోతారు. చిల్లర, తాళంచెవులు, మందుల చీటీలు, అప్పుడప్పుడు మడత పెట్టిన నోట్లు. మొదట్లో నాన్న వాటిని తీసి జాగ్రత్తగా కాగితంలో చుట్టి, గుండుసూదితో బట్టకే గుచ్చి ఇచ్చేవాడు. ఒకసారి ఒకాయన ఆ చుట్ట విప్పి చూసుకుని "ఇంకో నోటు ఉండాలే" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. నాన్న ఆ రోజు సాయంత్రం వరకు మిషన్ ముందు కూర్చున్నాడు గానీ ఒక్క కుట్టు వేయలేదు. ఆ తర్వాత ఆయన పద్ధతి మార్చేశాడు. జేబులో ఏదన్నా తగిలితే చెయ్యి పెట్టేవాడు కాదు. ప్యాంటును అలాగే పక్కన మడిచి పెట్టి, మనిషి వచ్చాక "జేబులో ఏదో ఉన్నట్టుంది, మీరే తీసి లెక్క చూసుకోండి" అనేవాడు. వాళ్లు చూసుకుంటున్నంతసేపూ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. "పర్లేదులే, తర్వాత చూసుకుంటాను" అని ఎవరైనా మర్యాద కొద్దీ అంటే ఒప్పుకునేవాడు కాదు. "లేదండీ, నా ముందే చూసుకోండి. సరిపోయిందా?" అనేవాడు.

చిన్నప్పుడు నాకు అది చాదస్తంలా ఉండేది. మీ ఉత్తరంలో "సరిపోయిందామ్మా?" అన్న మాట చదవగానే నాన్న చేతులు గుర్తొచ్చాయి.

ఆ మాటను మీరు మూడు నెలలుగా చెంపదెబ్బలా వింటున్నారు. నేను ఆ రాత్రి అక్కడ లేను, ఆయన గొంతు వినలేదు. అయినా నాకు తోచింది చెప్తాను. మాసిన చొక్కా వేసుకున్న మనిషికి పర్సు దొరికితే, పర్సు తిరిగివ్వడంతో పని అయిపోదు. ఆ పర్సులో ఏదీ తగ్గలేదని పర్సు గల మనిషి నోటి నుంచి వినాలి. వినకుండా వెళ్లిపోతే, రేపు ఏదో తగ్గిందని మీకు అనిపిస్తే, మీ మనసులో దొంగ ఆయనే. అందుకే మీరు లెక్కపెట్టేదాకా కదల్లేదు. అందుకే అడిగాడు. అది మీ మీద నింద కాదు, తన పేరు తను శుభ్రంగా ఉంచుకోవడం. డబ్బు చేతికిచ్చే ప్రతి నిజాయితీపరుడూ "ఒకసారి లెక్క చూసుకోండి" అంటాడు. మీరు ఆయన అడక్కముందే లెక్క చూశారు, అంతే తేడా. మీరు తలూపినప్పుడు ఆయనకు కావాల్సింది ఒకటి దొరికింది. తలూపడం కాకుండా "సరిపోయిందండీ, ఒక్కటీ తగ్గలేదు" అని నోరు తెరిచి చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. కానీ లెక్కపెట్టినందుకు మీరు సిగ్గుపడక్కర్లేదు.

వేగంగా నడిచినందుకూ సిగ్గుపడక్కర్లేదు. ఈ విషయంలో మీ వారు చెప్పింది నిజం. రాత్రిపూట తెలియని మనిషి వెనక వస్తుంటే వెలుతురున్న చోటికి, నలుగురున్న చోటికి వెళ్లడం తెలివైన పని. రేపు మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే మళ్లీ అలాగే చేయండి. ఒక మంచివాడు ఎదురయ్యాడు కదా అని మీ జాగ్రత్తను వదిలేయమని నేను చెప్పను.

మీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది, పైన కుదింపులో రాలేదు. "ఈ రోజుల్లో పర్సు తిరిగిచ్చేవాడు ఉంటాడని నేనెలా అనుకోగలను?" అని రాశారు. దీనికి చాలా దేశాల్లో తిరిగి జవాబు వెతికినవాళ్లున్నారు. 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన అది. 40 దేశాలు, 355 నగరాలు, మొత్తం 17,303 పర్సులు. పరిశోధకుల మనుషులు బ్యాంకులు, పోస్టాఫీసులు, హోటళ్లు, మ్యూజియంలు, పోలీస్ స్టేషన్ల లాంటి చోట్లకు వెళ్లి, ఎదురుగా ఉన్న ఉద్యోగి చేతిలో పర్సు పెట్టి "ఇది బయట దొరికింది, నాకు తొందర పని ఉంది, మీరు చూసుకోండి" అని వెళ్లిపోయేవారు. పర్సులో సొంతదారు ఈమెయిల్ ఉన్న కార్డులు, సరుకుల చీటీ, చాలావాటిలో ఒక తాళంచెవి. కొన్నిట్లో డబ్బు ఉండేది, కొన్నిట్లో ఉండేది కాదు. ఎంతమంది ఆ ఈమెయిల్‌కి రాసి "మీ పర్సు నా దగ్గర ఉంది" అంటారో చూశారు.

డబ్బు లేని పర్సుల్లో 40 శాతానికి కబురు వచ్చింది. డబ్బున్న పర్సుల్లో 51 శాతానికి. అమెరికా, బ్రిటన్, పోలండ్‌లలో ఇంకా పెద్ద మొత్తం పెట్టి చూశారు. అక్కడ డబ్బు లేకపోతే 46 శాతం, కొంచెం ఉంటే 61, ఎక్కువ ఉంటే 72. డబ్బు పెరిగేకొద్దీ తిరిగిచ్చేవాళ్లూ పెరిగారు. ముందుగా ఊహించమని అడిగితే మామూలు జనమూ, ఆర్థికవేత్తలూ దీన్ని పట్టుకోలేకపోయారు. డబ్బు ఎక్కువైతే ఆశ ఎక్కువవుతుందనే మనందరి లెక్క. పరిశోధకులు చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. పర్సులో డబ్బు ఎంత ఎక్కువుంటే, దాన్ని ఉంచేసుకున్నప్పుడు అద్దంలో దొంగ అంత స్పష్టంగా కనిపిస్తాడు. ఆ ముఖం చూసుకోవడం మనిషికి ఇష్టం ఉండదు. ఇంకోటి, తాళంచెవి. అది పారేసుకున్న మనిషికి తప్ప ఎవరికీ పనికిరాదు. తాళంచెవి ఉన్న పర్సులకు, లేని వాటికంటే ఎక్కువ కబుర్లు వచ్చాయి. అంటే తన పేరు గురించే కాదు, ఆ తాళం పోగొట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డ మనిషి గురించి కూడా ఎవరో ఆలోచిస్తున్నారు.

ఇదే లెక్కను రెండో వైపు నుంచి కూడా చూడండి. డబ్బున్న పర్సుల్లో 51 శాతం అంటే దాదాపు సగం వెనక్కి రాలేదు. కాబట్టి మీ భయం ఊరికే పుట్టింది కాదు. మీ వెనక పరుగెత్తిన మనిషి ఏ సగంలోవాడో ఆ చీకట్లో మీకు తెలిసే దారి లేదు.

ఇక నోటు.

మీరు రాసిన వరసలోనే మళ్లీ చూడండి. ఆయన వద్దన్నాడు. మీరు జేబులో పెట్టారు. మధ్యలో ఏమీ లేదు. వద్దన్న మాట మీకు వినిపించింది, కానీ దాన్ని మాటగా తీసుకోలేదు. పేదవాళ్లు మొహమాటానికి ఒకసారి వద్దంటారు, రెండోసారికి తీసుకుంటారు అనుకున్నారు. నాకు కోపం లేదు, చాలామంది ఇలాగే అనుకుంటారు, నేనూ అనుకున్న రోజులున్నాయి. అయినా తెలియని మనిషి చొక్కా జేబులో మీరు చెయ్యి పెట్టారు. మీ ఆఫీసులో పెద్ద ఉద్యోగి ఎవరో మీ పర్సు తెచ్చిచ్చి, డబ్బు వద్దంటే, ఆయన జేబులో మీరు చెయ్యి పెట్టేవారా? అంతసేపూ మీ జాగ్రత్త మీ బ్యాగు చుట్టూనే ఉంది. ఈ పనితో మీరు ఆయన హద్దు దాటారు. ఆయన మనసు చివుక్కుమని ఉంటే అది ఇక్కడే. నోట్లు లెక్కపెట్టినప్పుడు కాదు.

1785లో జర్మన్ తత్వవేత్త కాంట్ ఒక తేడా చెప్పాడు. కొన్నిటికి వెల ఉంటుంది. వాటి బదులు అంతే విలువైన ఇంకోటి పెట్టొచ్చు. కొన్నిటికి వెల కట్టలేం, వాటి బదులు ఇంకేదీ పెట్టలేం. వాటికి ఉండేది గౌరవం. ఆ మనిషి మీ వెనక పరుగెత్తుకొచ్చి చేసిన పనికి మీరు చప్పున వెల కట్టారు. ఆయన ఆ వెలను తీసి బెంచీ మీద పెట్టాడు. విసిరేయలేదు, నేల మీద పడేయలేదు, మిమ్మల్ని ఏమీ అనలేదు. మీకు అందేలా, గాలికి ఎగిరిపోకుండా బెంచీ మీద పెట్టాడు. రెండోసారి కూడా మీ డబ్బు మీకే తిరిగిచ్చాడు. ఒకే రాత్రి రెండుసార్లు.

డబ్బు ఇవ్వజూపడమే తప్పని నేను అనడం లేదు. ఇది చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఒకసారి అడగడం మర్యాదే. ఎదుటివాళ్లకు ఆ రోజు నిజంగా అవసరం ఉండొచ్చు, తీసుకోవచ్చు. తీసుకున్నంత మాత్రాన వాళ్ల నిజాయితీ వీసమెత్తు తగ్గదు. తీసుకోనివాడే గొప్పవాడని కథలు చెప్పుకోవడం మనలాంటి వాళ్లకు సుఖం, అవసరంలో ఉన్నవాడికి కాదు. నేను చెప్పేది వద్దన్న తర్వాత సంగతి. ఆ తర్వాత ఇవ్వాల్సినవి వేరే ఉన్నాయి. ఆయన మీ కోసం పరుగెత్తాడు, అరవై దాటిన మనిషి, రొప్పుతున్నాడు. మీరు కూర్చునే ఉన్నారు, ఆయన నిలబడే ఉన్నాడు. "కూర్చోండి, కాసేపు ఊపిరి తీసుకోండి" అన్న మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. "భయపడి ఆగలేదండీ, ఏమనుకోకండి" అన్నదీ లేదు. పేరూ లేదు. పెద్ద ఉత్తరంలో ఆయన గురించి మీకు తెలిసినవి మూడే: వయసు, చొక్కా, ఒక మాట.

ఇదంతా మీరు చెడ్డవారు కాబట్టి జరిగిందని నేను నమ్మను. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుతున్న విద్యార్థుల మీద చేసిన ఒక పరిశోధన 1973లో వెలువడింది. వాళ్లను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్లి ప్రసంగించమన్నారు. కొందరు మాట్లాడాల్సింది దారిలో పడి ఉన్న మనిషికి సాయం చేసిన బాటసారి కథ గురించే. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి, దగ్గుతూ మూలుగుతూ ఉండేలా ఏర్పాటు చేశారు. ఇంకా టైముందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం ఆగి ఏదో ఒక సాయం చేశారు. ఆలస్యమైపోయింది, త్వరగా వెళ్లమని చెప్పినవాళ్లలో 10 శాతమే ఆగారు. తాము చెప్పబోయేది ఆ కథేనన్నది వాళ్లను పెద్దగా ఆపలేదు. కాళ్లను నడిపింది గడియారం. మీకూ ఆ రాత్రి చివరి బస్సు ఉంది. పైగా భయం. కంగారులో ఉన్న మనిషికి ఎదుటివాడి ముఖం సగమే కనిపిస్తుంది. అందుకే ఆ రాత్రి మీరు చేసిన దానికి మిమ్మల్ని మీరు ఇంతగా కాల్చుకోవద్దంటాను.

అయితే ఇంటికి వచ్చాక బస్సు లేదు, భయం లేదు, తొందర లేదు. "కొంత డబ్బిచ్చాను, చాలా సంతోషపడ్డాడు" అన్న మాట అప్పుడు వచ్చింది.

ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఇది. మీకు నిద్ర పట్టనిదీ దీనివల్లేనని నా నమ్మకం. లేకపోతే లెక్కపెట్టిన సంగతి ఎప్పుడో సర్దుకునేది. ఆయన తీసుకోని డబ్బును మీ కథలో ఆయన చేత తీసుకునేలా చేశారు. పైగా సంతోషపెట్టారు. ఎందుకు చేశారో నాకు అర్థమవుతుంది. "నేను ఇచ్చాను, ఆయన తీసి బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు" అని చెప్తే ఇంట్లోవాళ్లు ఒక్క క్షణం ఆగి మిమ్మల్ని చూస్తారు. ఆ చూపు తప్పించుకోవడానికి నోటికొచ్చిన చిన్న అబద్ధం అది. కానీ ఆ అబద్ధంతో ఆయన చేసినదాంట్లో సగం పోయింది. పర్సు తిరిగిచ్చి బహుమతి పుచ్చుకున్న మనిషి అయ్యాడు. మిగిలిన సగాన్ని పాప వ్యాసం తీసేసింది. అందులో మంచి మనసు మీది. రొప్పుతూ పరుగెత్తిన మనిషి, అమ్మ ఇచ్చిన డబ్బుకి సంతోషపడ్డ తాతగా మిగిలాడు. తప్పు పాపది కాదు. మీరు చెప్పిందే తను రాసింది.

ఆయన దగ్గర ఏముందో మనకు తెలియదు. ఆ రాత్రి ఆయన చేతుల్లో మనం చూసినవి రెండే: దొరికింది తిరిగిచ్చాడు, ఇచ్చింది తిరిగిచ్చాడు. ఆ రెండోదాన్ని మీరు మాయం చేశారు. పర్సు ఆయన చేతిలో ఉన్నప్పుడు అందులోంచి ఏదైనా తీశాడేమోనని మీరు భయపడ్డారు. ఆయన కథ మీ చేతిలో ఉన్నప్పుడు అందులోంచి మీరు తీశారు. ఇది కఠినంగా ఉంటుందని తెలుసు. కానీ మీరు ఈ ఉత్తరం రాసిందే ఎవరో ఒకరు ఈ మాట చెప్పాలని అనిపించింది నాకు. ఓదార్పే కావాలంటే మీ వారు ఇచ్చారు, అది సరిపోలేదు.

ఆయన్ని వెతకాలా? ఫేస్‌బుక్‌లో మాత్రం పెట్టకండి. ఆయన పేరు తెలియదు కాబట్టి మీరు రాయగలిగింది వయసు, మాసిన చొక్కా, ఫలానా బస్టాప్. ఆ గుర్తులతో ఎవరెవరినో ఆపి అడుగుతారు, ఫొటోలు తీస్తారు, "మీరేనా ఆ నిజాయితీపరుడు" అని సెల్ఫీలు దిగుతారు. ఒక నోటే వద్దనుకుని మెల్లగా వెళ్లిపోయిన మనిషి ఇదంతా కోరుకుంటాడని నాకు అనిపించదు. ఆ దారి మీరు రోజూ వెళ్లేదే కాబట్టి కళ్లు తెరిచి నడవండి. కనిపిస్తే ఆగండి. "ఆ రోజు నా పర్సు ఇచ్చింది మీరే. భయంలో సరిగా మాట్లాడలేదు, వద్దన్నా జేబులో పెట్టాను. తప్పు నాదే. మీ మేలు మర్చిపోలేదు" అని చెప్పండి. పేరు అడగండి. మీ పేరు చెప్పండి. ఇంతకంటే పొడిగించవద్దు. మూడు నెలల బాధంతా ఆయన ముందు పోసి, ఏడ్చి, మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆయన మీద పెట్టవద్దు. అసలు గుర్తులేదంటే నవ్వి నమస్కారం పెట్టి వచ్చేయండి. చాలామటుకు కనిపించకపోవచ్చు కూడా. దారిలో కలిసిన మనిషి దారిలోనే వెళ్లిపోతాడు. అందుకే ఆయనకు మీరు చేయగలిగిన న్యాయం ఇప్పుడు మీ ఇంట్లోనే ఉంది.

నోటు సంగతి. దాన్ని వేరే అరలో దాచుకోవద్దు. ఆయన పేరున ఎవరికో దానం చేయాలన్న ఆలోచన కూడా ఉత్తరం చివర్లో రాశారు. దానం చేయాలనిపిస్తే మీ పేరు మీద, మీ డబ్బుతో చేయండి, మంచిదే. ఆ నోటు మాత్రం ఆయనది కాదు. ఆయనే తేల్చి చెప్పాడు, అది మీదని. మామూలు నోట్లలో కలిపేసి రేపు ఏదో ఒకటి కొనేయండి.

ముందు మీ వారికి చెప్పండి, పాప లేనప్పుడు. "ఆ రోజు నేను చెప్పింది పూర్తిగా నిజం కాదు" అన్న మొదటి వాక్యం నోట్లోంచి రావడమే కష్టం. అది వచ్చాక మిగతాది దానంతటదే వస్తుంది. ఆయన "ఇంతేనా, దీనికా ఇన్నాళ్లు" అనొచ్చు. అననివ్వండి, చెప్పడం మాత్రం ఆపకండి.

తర్వాత పాపకి. తనకి మీ మీద గర్వం పోతుందని భయపడుతున్నారు. కాస్త తగ్గొచ్చు, నిజమే. తొమ్మిదేళ్ల పిల్లకి అమ్మ కూడా అబద్ధం చెప్తుందని తెలియడం చిన్న విషయం కాదు. కానీ పిల్లలు ఎదిగాక ఎలాగూ అన్నీ తెలుసుకుంటారు. మీ నోటితో, మీరు తన పక్కన కూర్చుని ఉన్నప్పుడు తెలియడం వేరు. నీతిపాఠంలా మొదలుపెట్టకండి. జరిగింది జరిగినట్టు చెప్పండి. పిలిచాడు, భయపడి ఆగలేదు. పర్సు ఇచ్చాడు, లెక్కపెట్టాను. డబ్బు వద్దన్నాడు, అయినా జేబులో పెట్టాను. తీసి బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు. నాకు సిగ్గేసి మీకు వేరేగా చెప్పాను. ఇంతే. "ఎందుకు అబద్ధం చెప్పావు?" అని తప్పకుండా అడుగుతుంది. "సిగ్గేసింది" అన్నది చాలు, దానికి ఇంకే కారణాలూ అతికించకండి. ఏడుపొస్తే ఆపుకోండి, లేకపోతే మిమ్మల్ని సముదాయించే పనిలో పడి తను అడగాలనుకున్నవి అడగదు.

వ్యాసం మళ్లీ రాయమని, టీచర్‌కి చెప్పమని మీరు అనొద్దు. అది తన కాగితం. తనకే అనిపిస్తే రాస్తుంది. అప్పుడు పేరు కూడా మార్చాలనుకుంటే పెన్ను అందించండి.

ఇంకో ప్రశ్న కూడా వేస్తుంది. పిల్లలు ఇలాంటివి వదలరు. "ఆ తాత పేరేంటమ్మా?" అని అడుగుతుంది. అడగలేదని చెప్పండి.